రెండు తరగతుల గది

జూన్ 11

చెల్లికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు లేదని అలిగే ఉంటావు. ఆసుపత్రి ఇస్త్రీ గదిలో కొత్త రోలరు యంత్రం పెట్టారు. దుప్పటి ఒక పక్క దూరిస్తే రెండో పక్క నుంచి ముడత లేకుండా వస్తుందన్నారు. వచ్చేది సగం దుప్పటే, మిగతా సగం లోపలే కాపురం పెడుతోంది. లాగడానికి ఇద్దరం, తిట్టడానికి సూపర్‌వైజరు. అలా గడుస్తున్నాయి రోజులు.

అసలు సంగతి పిల్లల బడి. నిన్న గేటు పక్కన జాబితా అంటించారు. ఈ ఏడు రెండో తరగతిలోనూ మూడో తరగతిలోనూ పిల్లలు ఎక్కువై, రెండింట్లోనూ మిగిలినవాళ్ళను కలిపి ఒక గది చేశారు. రెండువాళ్ళు పదకొండుమంది, మూడువాళ్ళు తొమ్మిదిమంది, అందరికీ ఒకే టీచరు. మూడువాళ్ళలో మన పెద్దది ఉంది, రెండువాళ్ళలో పిడుగు ఉంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గదిలో. ఇష్టమైతే కాగితం మీద సంతకం పెట్టాలి. లేదంటే నెలాఖరులోగా చెబితే పెద్దదాన్ని మామూలు మూడో తరగతిలోకి మారుస్తారు. అక్కడ ముప్పై నాలుగుమంది.

మీ బావను అడిగితే, రెండు బస్సుల జనాన్ని ఒక బస్సులో ఎక్కించడం తనకు రోజూ ఉండేదేననీ, ఇంతవరకూ ఎవరూ ఊపిరాడక పోలేదనీ అన్నారు. డ్రైవరు కదా, ఆయనకు ప్రపంచమంతా బస్సే.

నేను పెద్ద టీచరు దగ్గరికి కూడా వెళ్ళాను. "మీ పెద్దమ్మాయి చదవడంలో కొంచెం నిదానం కదండీ. ఈ గదిలో ఉంటే రెండో తరగతి పాఠాలు ఇంకోసారి చెవిన పడతాయి" అన్నారావిడ. మంచిగానే చెప్పారు. మెట్లు దిగుతుంటే మాత్రం తల కొట్టేసినట్టయింది.

నువ్వు పన్నెండేళ్ళుగా ఐదు తరగతులనూ ఒక్క గదిలో పెట్టుకుని చదువు చెబుతున్నదానివి. నాకెందుకో మనసొప్పడం లేదు. ఎందుకని నిలదీస్తే చెప్పలేను. నువ్వేం చెబితే అదే చేస్తాను. త్వరగా రాయి.

నీ అక్క

•

జూన్ 17

అక్కకు,

రెండో ఆలోచన లేకుండా సంతకం పెట్టు.

నువ్వు ఒక్కసారైనా ఈ కొండెక్కి నా గది చూడాల్సింది. ఇరవై ఆరుమంది, ఐదు తరగతులు, ఒకే నల్లబల్ల. దాన్ని సుద్దతో ఐదు ముక్కలు చేస్తాను. ఐదోవాళ్ళు మూడోవాళ్ళకు లెక్కలు చెబుతారు, మూడోవాళ్ళు ఒకటోవాళ్ళ ముక్కు తుడుస్తారు. చెప్పేవాళ్ళకు చెప్పడం వల్ల వస్తుంది, వినేవాళ్ళకు వినడం వల్ల వస్తుంది. వేరే గదుల్లో వయసుల వారీగా విడదీసి కూర్చోబెట్టడం చూస్తే నాకు అంగట్లో సీసాలు పేర్చినట్టుంటుంది.

అయినా ఇది నీకు చెప్పాలా? మనిద్దరం చదివింది ఎలాంటి గదిలో? నువ్వు మూడు, నేను రెండు, ఒకే మాస్టారు. ఆర్నెల్లు తిరక్కుండా నన్ను లేపి మీ వరసలో, నీ పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికి పరిగెత్తుకెళ్ళి అమ్మకు ఆ కబురు చెప్పింది నువ్వే. నీ అంత వేగంగా పరిగెత్తలేక నేను సగం దారిలో ఏడ్చాను. ఆ బెంచీ మీద గడిచిన రోజులే నన్ను టీచర్ని చేశాయని అందరికీ చెబుతుంటాను.

ఇద్దర్నీ దగ్గర దగ్గరగా కూర్చోబెట్టమని టీచరుతో చెప్పు. పెద్దదానికి ధైర్యంగా ఉంటుంది. పిడుగుకు అదుపుగానూ ఉంటుంది.

నీ రోలరు పుణ్యమా అని రెండు రోజులు నవ్వుకున్నాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి, పైకప్పు రెండు చోట్ల కారుతోంది. ఒక చోట మూడో తరగతి, ఒక చోట నా కుర్చీ.

నీ చెల్లి

•

ఆగస్టు 5

చెల్లికి,

సంతకం పెట్టేశాను. బడి మొదలై రెండు నెలలు కావస్తోంది.

గది బాగుంది. కిటికీలు రెండు పక్కలా ఉన్నాయి. బల్లలకు రంగు కాగితాలు అంటించారు. రెండువాళ్ళవి నీలం, మూడువాళ్ళవి పసుపు. టీచరు చిన్నమ్మాయి, గొంతు హెచ్చించదు. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. నీలం వరస చివర పిడుగునూ, పసుపు వరస మొదట్లో పెద్దదాన్నీ కూర్చోబెట్టింది. మధ్యలో జానెడు దూరం.

పిడుగు సంగతి తెలుసు కదా. దాని పని ఐదు నిమిషాల్లో ముగించి, చెవులు పసుపు బల్లల వైపు పెడుతుందట. ఒక రోజు టీచరు మూడువాళ్ళను ఏదో మాటకు అర్థం అడిగితే ఎవరికీ రాలేదు. ఇది ఇవతల నుంచి చెప్పేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారట. ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది పిడుగే. పెద్దది అప్పుడు డబ్బాలు కడుగుతోంది.

ఈ మధ్య పెద్దది ఇంటిపని బాగా చేస్తోంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి. ఇద్దరి సంచులూ అదే మోస్తుంది. పక్కింటివాళ్ళ పసివాడు దాని భుజం మీద తప్ప నిద్రపోవడం లేదని వాళ్ళమ్మ పొద్దస్తమానం దీన్నే పిలుస్తోంది. పుస్తకం తియ్యమంటే మాత్రం ఇంకేదో పని గుర్తొస్తుంది దానికి.

మొత్తానికి బాగానే ఉందనుకుంటున్నాను. నీ కప్పు బాగుచేశారా?

నీ అక్క

•

ఆగస్టు 19

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చూశావా, రెండు నెలల్లోనే పెద్దదానికి బాధ్యత తెలిసింది. నేను చెప్పింది ఇదే. చిన్నవాళ్ళ మధ్య ఉంటే పెద్దరికం దానంతటదే వస్తుంది.

ఇద్దరికీ చెరో కథల పుస్తకం పంపుతున్నాను. రెండూ ఒకటే. రోజూ ఒక పేజీ పిడుగు పైకి చదవాలి, తర్వాత అదే పేజీ పెద్దది చదవాలి. చెల్లెలి గొంతు విన్నాక దానికి తేలికవుతుంది. నాకు చెరో ఉత్తరం రాయమని చెప్పు. సాయం చెయ్యొద్దు, తప్పులున్నా ఫరవాలేదు.

కప్పు బాగుచేయలేదు. నా కుర్చీనే జరిపాను.

నీ చెల్లి

•

అక్టోబరు 12

చెల్లికి,

పిల్లల ఉత్తరాలను మెచ్చుకుంటూ కార్డు రాశావు. పెద్దదాని దస్తూరి ముత్యాల్లా ఉందన్నావు. ఆ రెండు ఉత్తరాలూ రాసింది పిడుగే. "నువ్వు రాసి కింద నా పేరు పెట్టు" అందట పెద్దది. నీ కార్డు వచ్చిన రోజున పిడుగు దాన్ని పైకి చదువుతుంటే, మధ్యలోనే లేచి పసివాణ్ణి ఎత్తుకోవడానికి పక్కింటికి వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాయి. పాఠం చదివే గంటలో పిడుగును పసుపు బల్లకు మార్చారు. అదే గంటలో పెద్దదాన్ని నీలం బల్లకు మార్చారు. గంట కొట్టగానే ఇద్దరూ లేచి ఎదురెదురుగా నడిచి, ఒకళ్ళ కుర్చీలో ఒకళ్ళు కూర్చోవాలి. రోజూ. టీచరు దీన్ని చాలా మామూలుగా చెప్పింది. ఎవరి స్థాయికి తగ్గ చదువు వాళ్ళకు దొరకాలి కదండీ అంది. నీలం బల్ల కుర్చీలు ఒక అంగుళం పొట్టి. పెద్దదాని మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయట. అది కూడా పిడుగే చెప్పింది.

నువ్వు చెప్పినట్టు రోజూ ఒక పేజీ చదివించాను. నాలుగో రోజున పెద్దది పుస్తకం పట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంది. అరగంట. నేనే మూసేశాను.

దాన్ని మామూలు మూడో తరగతిలోకి మార్పిద్దామనుకుంటున్నాను. ముప్పై నాలుగుమందిలో ఒకత్తై ఉంటే ఎవరూ పట్టించుకోరు, అదే నయం. నేనడిగితే పెద్ద టీచరు నవ్వి పంపేస్తున్నారు. టీచరుకు టీచరు రాస్తే వింటారు. నువ్వొక ఉత్తరం రాయి.

నీ అక్క

•

అక్టోబరు 25

అక్కకు,

నువ్వడిగినట్టే మీ పెద్ద టీచరుకు రాశాను. కానీ మార్చమని రాయలేదు. కోప్పడకుండా చదువు.

నువ్వు తల్లివి, నీకు కంగారు. నేను ఇలాంటి పిల్లల్ని పదుల సంఖ్యలో చూశాను. ఏడాది మధ్యలో గది మారిస్తే, నువ్వు ఓడిపోయావని పిల్లకు మనమే చెప్పినట్టవుతుంది. అమ్మాయిని కదపకండి, ఏడాది పూర్తి కానివ్వండి, చెల్లెలి సాయం తీసుకోనివ్వండి అని రాశాను.

నీకూ మొదట్లో ఇలాగే కష్టంగా ఉండేది, మర్చిపోయావు. నీ పలక మీద లెక్కలు నేను చేసిపెట్టేదాన్ని. నువ్వు ఐదుతో మానేసింది చదువు మీద ఇష్టం లేక, రాక కాదు. పెద్దదానికి ఇష్టం పుట్టిస్తే చాలు. కొంచెం ఓపిక పట్టు.

నీ చెల్లి

•

నవంబరు 9

చెల్లికి,

పెద్ద టీచరు నీ ఉత్తరం నా ముందు పెట్టి చూపించారు. "మీ చెల్లెలుగారే వద్దంటున్నారు కదండీ, ఆవిడకు అనుభవం ఉంది" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులకు మామూలు మూడో తరగతిలో ఉన్న ఒక్క ఖాళీలోకి ఇంకెవరో పిల్ల చేరిపోయింది. ఇక అడగడానికేమీ లేదు.

ఆ బెంచీ రోజుల గురించి నువ్వు రెండుసార్లు రాశావు. ముప్పై ఏళ్ళుగా నలుగురిలోనూ చెబుతూనే ఉన్నావు. నేను ఒక్కసారీ చెప్పలేదు, ఇవాళ చెబుతాను.

నిన్ను నా పక్కకు తెచ్చిన రోజున నేను ఇంటికి పరిగెత్తింది సంతోషంతో కాదు. నువ్వొచ్చి అమ్మకు చెప్పేటప్పుడు నేనక్కడ ఉండకూడదని. ముందే చెప్పేసి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. అమ్మ నిన్నెత్తుకుని తిప్పడం వినపడుతూనే ఉంది.

ఆ తర్వాత మాస్టారు ఏది అడిగినా ముందు నా వైపు చూసి, ఆగి, నీ వైపు తిరిగేవారు. కొన్నాళ్ళకు నా వైపు చూడటం కూడా మానేశారు. నువ్వు నా పలక మీద లెక్కలు చేసిపెట్టేదానివి, నిజమే. నేను చేసింది చెరిపేసి చేసేదానివి. అందులో ఒక్కోసారి నాది కరెక్టుగానే ఉండేది. చెప్పాలనిపించేది కాదు. ఐదు అయ్యాక మానేస్తానంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. చదువంటే ఇష్టం లేదని నువ్వు ఇప్పటికీ అంటావు. నాకు ఇష్టం లేనిది చదువు కాదు.

నీ తప్పని అనడం లేదు. అప్పుడు నీకు ఏడేళ్ళు. కానీ జూన్‌లో నాకు మనసొప్పకపోవడానికి కారణం ఇదేనని నాకు నిన్న ఇస్త్రీ గదిలో, దుప్పటి పట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే నిన్నడిగేదాన్ని కాదు.

అక్క

•

నవంబరు 24

అక్కా,

నాలుగు కాగితాలు రాసి చింపాను. క్షమించమని రాస్తే అది నా కోసం రాసినట్టే ఉంటోంది.

నా గదిలో ఒక ఐదో తరగతి పిల్ల ఉంది. చిన్న టీచరని పిలుస్తాను దాన్ని. ఒకటోవాళ్ళందరినీ అదే చూసుకుంటుంది, వచ్చినవాళ్ళందరికీ దాన్నే చూపించి మురిసిపోతాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దాని సొంత పుస్తకం తెరిపించాను. జూన్ నుంచి అందులో మూడు పేజీలు మాత్రమే నిండాయి. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, మీరు అడగలేదు కదా టీచర్ అంది.

మీ పెద్ద టీచరుకు మళ్ళీ రాశాను, నా మొదటి ఉత్తరం పొరపాటని. జవాబు లేదు. డిసెంబరు సెలవులకు వస్తున్నాను. పది రోజులూ పెద్దదాని దగ్గరే కూర్చుంటాను. రానిస్తావా?

చెల్లి

•

జనవరి 20

చెల్లికి,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. నువ్వున్న పది రోజులూ బాగానే గడిచాయి. తొమ్మిదో రోజున అది ఒక పేజీ ఆగకుండా చదివినప్పుడు, మీ బావ లేచి బయటికెళ్ళి చాలాసేపు వీధిలో ఆపి ఉన్న బస్సు చక్రాలు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు మనిద్దరం కూడా ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సింది.

ఇప్పుడు వేరే సంగతి. బడి తెరిచిన వారానికి టీచరు నన్ను పిలిపించింది. పెద్దదాని గురించనుకుని వెళ్ళాను. పిడుగు గురించి. అది లెక్కలన్నీ తప్పులు చేస్తోంది. చదవమంటే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, తడబడుతూ చదువుతోంది. పసుపు బల్లకు వెళ్ళనంటోంది. కళ్ళు పరీక్ష చేయించమన్నారు, చేయించాను. కళ్ళు బాగున్నాయి.

మేడ మెట్ల మీద కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాను. చాలాసేపు బూటు తాడు ముడులు వేస్తూ, విప్పుతూ కూర్చుని చివరికి చెప్పింది.

"నేనాగితే అక్క వచ్చేస్తుంది కదమ్మా. అందుకని ఆగాను."

ఏడేళ్ళ పిల్ల. దగ్గరికి తీసుకున్నాను. పైమెట్టు మీద పెద్దది నిలబడి ఉందని మా ఇద్దరికీ తెలియదు. దిగొచ్చి చెల్లెలి చెంప మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక దాని మీద చెయ్యెత్తింది అదే మొదటిసారి. తర్వాత తన చేతిలోని రెండు సంచుల్లో చెల్లెలిది కిందపెట్టి, తనది మాత్రం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పిడుగు వెనకాలే తిరుగుతుంది, అది తిరిగి చూడదు. బడిలో చెరో గోడ పక్కన కూర్చోబెట్టారు. పిడుగు ఇంకా తప్పులే చేస్తోంది. ఆపమంటే, ఇప్పుడు నిజంగానే రావడం లేదమ్మా అంటోంది. నిజమో అబద్ధమో నాకు తెలియడం లేదు.

అక్క

•

ఫిబ్రవరి 6

అక్కా,

ఒక్కటే దారి కనపడుతోంది. పెద్దదాన్ని నా దగ్గరికి పంపు. ఒక ఏడాది. చెల్లెలు కళ్ళముందు లేకపోతే దాని మనసు కుదుటపడుతుంది, పిడుగూ మామూలవుతుంది. నా గది మొత్తం మార్చేశాను, ఎవరి పుస్తకం వాళ్ళదే ఇప్పుడు. పక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివిస్తాను. నన్ను నమ్మమని అడిగే హక్కు లేదని తెలుసు. దాన్నే అడిగి చూడు. సరేనంటే నేనే వచ్చి తీసుకెళ్తాను.

చెల్లి

•

ఫిబ్రవరి 21

చెల్లికి,

అడిగాను. పిన్ని దగ్గర ఉంటావా, కొండలుంటాయి, పిన్నే చదివిస్తుంది అని చెప్పాను. చెప్పిందంతా విని ఒక్క మాట అడిగింది.

"అక్కడ కూడా అన్ని తరగతులూ ఒకే గదిలోనా?"

అవునన్నాను. అలాగా అని గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అది రాకపోవడం నీ మీద కోపంతో కాదు. నిన్ను ఎప్పుడొస్తావని అడుగుతూనే ఉంటుంది.

అక్క

•

ఏప్రిల్ 22

చెల్లికి,

ఫలితాలు వచ్చాయి. పెద్దది మళ్ళీ మూడు చదవాలన్నారు. పిడుగును మూడుకు పంపారు, అదీ పాత మార్కులు చూసి. వచ్చే ఏడు పిల్లలు తగ్గుతున్నారు కనక మూడో తరగతికి ఒకటే గది. అంటే ఇద్దరూ ఒకే తరగతి, ఒకే బల్లలు. పిడుగునైనా ఆపండి అని అడగడానికి వెళ్ళాను. నోటిదాకా వచ్చింది. ఒక పిల్ల కోసం ఇంకో పిల్లని ఆపమని ఏ నోటితో అడగను? కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే పెద్దది ఏడవలేదు. నన్ను వేరే బడిలో వెయ్యండి అంది. ఇంత స్పష్టంగా అది ఏదైనా అడిగి ఏడాదయింది. బస్సు డిపో అవతల ఒక బడి ఉందని మీ బావ వాకబు చేశారు. పొద్దున్నే మొదటి ట్రిప్పులో తనతో తీసుకెళ్తానన్నారు. నిన్న ముగ్గురం వెళ్ళాం. వాళ్ళు ఒక పేజీ చదివించారు. మూడులో కష్టం, రెండులో అయితే చేర్చుకుంటామన్నారు. అంటే ఇక చెల్లెలికన్నా ఒక తరగతి కింద. మీ బావ ముఖం పక్కకు తిప్పుకున్నారు. పెద్దది మాత్రం వెంటనే తలూపింది. ఇక్కడ నన్నెవరూ ఎరగరు కదా నాన్నా అని అడిగింది. ఎరగరన్నారాయన.

రెండో తరగతని పిడుగుకు ఇంకా చెప్పలేదు. వేరే బడని మాత్రం తెలుసు. పొద్దున్న అక్క పాత సంచి కడిగి ఆరేసింది. ఎందుకే అంటే, నేను మోసుకుంటాను, అక్కకు కొత్తది కొనండి అంది. పెద్దది విననట్టే ఉండిపోయింది. నువ్వు పిడుగుకు రాసేటప్పుడు దీని గురించి ఏమీ రాయకు. అది ఈ మధ్య ఉత్తరాలు తెచ్చి, అమ్మా నువ్వే చదువు అంటోంది.

నిన్న ఆ బడిలో కాగితాలు నింపిన గుమస్తా పెద్దాయన, నెమ్మదస్తుడు. పిల్ల బెదిరిపోకుండా అన్నీ దాన్నే అడిగారు. పేరు, వయసు, నాన్న ఏం చేస్తారు, అమ్మ ఏం చేస్తుంది. అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది.

"అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరండీ. నేనొక్కదాన్నే."

ఆయన కలం ఆపి నా వైపు చూశారు. మీ బావ కూడా నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. గుమస్తాగారు ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసి, సంతకానికి కాగితం నా ముందుకు జరిపారు. పెట్టాను.

అక్క